మూడో నిద్ర

శ్రీకాకుళం బస్సు దిగి ఇంటికొచ్చి, చిన్నల్లుణ్ణి లోపలి గదిలో పడుకోబెట్టిన నరసింగరావు కాళ్ళైనా కడుక్కోలేదు. "ఇత్తడి పళ్ళెం తే" అన్నాడు. పెళ్ళాం జగ్గమ్మ తెచ్చింది. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పి, అందులోదాన్ని పళ్ళెంలో వేశాడు. టిక్కుమని చిన్న చప్పుడైంది గానీ పళ్ళెంలో ఏమీ కనబడలేదు.

జగ్గమ్మ ముక్కు ఆనేటంత దగ్గరగా ఒంగి చూసింది.

"ఏటయ్యా ఇది? నీటిసుక్కలాగున్నాది."

"నీటిసుక్క కాదు. గాజుబిళ్ళ. నీ సిన్నల్లుడి కంట్లోంచి తీసినాడు డాట్రు."

"ఓలమ్మో! కంట్లో గాజేటి? ఎవుడు కొట్టినాడు?"

"ఎవుడూ కొట్టలేదు. ఆడే ఎట్టుకున్నాడు. కళ్ళజోడుకి బదులు మదరాసెల్లి మరీ ఎట్టించుకున్నాడు."

లోపలి గదిలో ఆ చిన్నల్లుడు చినబాబు రెండు కళ్ళకీ కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఆ గది గుమ్మం దగ్గర నిలబడ్డ అతని పెళ్ళాం పద్మకుమారి తలుపు రెక్క పట్టుకుంది. ఆ బిళ్ళ ఆమెకి కొత్త కాదు. పెళ్ళయి అత్తారింట్లో ఉన్న మొదటి రోజుల్లోనే అరచేతిలో పెట్టి చూపించాడు మొగుడు. "ఇవి లేకపోతే నీ మొహం కూడా ఆనదు పద్మా. మీ నాన్నకి చెబుతావా?" అని అడిగాడు. చెప్పనని తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టింది.

"మరి కళ్ళకలకన్నావు గదయ్యా మొన్న?" అంది జగ్గమ్మ.

"నానన్నానా? నువ్వన్నావు. గంగులు కోడలి సనుబాలు నువ్వే పోయించినావు. అరసవల్లి తీర్థం నువ్వే పోసినావు. లోపల బిళ్ళ రెప్ప కిందకి జారిపోయి కూకున్నాది. అది రాలిపోయిందనుకుని ఆడు నోరు మూసుకుని పడుకున్నాడు. పుండు మీద నువ్వు పాలు పోస్తన్నావు. డాట్రు నా మొకం మీద సీవాట్లు పెట్టినాడే! 'పాలు ఎవడు పొయ్యమన్నాడయ్యా, నీకు బుద్ధుందా' అన్నాడు. పదిమందిలో అన్నాడు."

జగ్గమ్మ చతికిలబడిపోయింది. ఆ పాల కోసం రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకుని గంగులు ఇంటికి వెళ్ళింది తనే. అల్లుడు అబ్బా అన్నప్పుడల్లా "మంటంటే గుణమిస్తన్నట్టే బాబూ" అని సముదాయించింది కూడా తనే.

"అసలు పుండెందుకు పడ్డాదట?" అనడిగింది పెద్దకూతురు తాయారు, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి.

"బిళ్ళలెట్టుకుని పడుకున్నాడట. కంటి నల్లగుడ్డు గాలి పీల్చుకుని బతుకుతాదట. మెలకువగా ఉంటే రెప్పలాడతాయి, తడి కదుల్తాది, బిళ్ళ కిందకి కాస్త గాలెల్తాది. పడుకుంటే పైన రెప్ప, దాని కింద బిళ్ళ. గాలేదీ? ఊపిరాడక ఉబ్బిపోతాదట, పైపొర ఊడొచ్చీసి సీము పడతాదట. తీసీకుండా పడుకోకూడదని ఆ బిళ్ళలిచ్చినోడు ముందే సెప్తాడట. సెప్పినాడా లేదా అని డాట్రు అడిగితే, సెప్పినాడండీ, మరిసిపోయానండీ అన్నాడు నీ మరిది. సైన్సు మేష్టరట! బళ్ళో పిల్లలకి సెప్తాడట!"

"ఇప్పుడు కన్నేటవుతాది?"

నరసింగరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. అంత అరిచినవాడు ఆ ఒక్క మాటకి గొంతు తగ్గించేశాడు.

"నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వేసినాదట. ఎడం కన్ను ఆశ ఒదులుకోమన్నాడు. కుడి కంటికీ గీతలున్నాయట. ఈ పూటే ఇసాపట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్లమన్నాడు."

"ఈ పూటేనా? మరి సికాకోలు నుంచి అటే ఎల్లిపోక ఎనక్కెందుకు తెచ్చినావు నాన్నా?"

"ఎందుకా? నానేల తీసుకెల్లాలి? గుడ్డోణ్ణి మాయసేసి నాకంటగట్టినోళ్ళే తీసుకెల్తారు. ఆళ్ళమ్మకి నిన్న కబురెట్టినాను గదా, వస్తాది. సరుకప్పగించీస్తాను."

వసారా చివర తాడు పేనుతున్న లక్ష్ముడి చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ కదిలాయి.

లక్ష్ముడు తాయారు మొగుడు. పెళ్ళినాటికి అద్దాలు పెట్టుకునేవాడు. ఏడాది తిరక్కుండా అద్దాలతో పనిలేకుండా పోయింది, చూపే పోయింది. ఆనాటి నుంచి నరసింగరావుకి ఒకటే పట్టు. కళ్ళజోడున్నవాడికి రెండో పిల్లనివ్వనని వచ్చిన ప్రతి సంబంధం వాళ్ళతోనూ అన్నాడు. లక్ష్ముడు వింటుండగానే అన్నాడు. గుడ్డి అల్లుడికి చెవులుంటాయని ఆ పెద్దమనిషికి ఎందుకో ఎప్పుడూ తోచలేదు.

జగ్గమ్మది ఇంకో పట్టు. లక్ష్ముడు పెళ్ళయ్యాక అత్తారింట మూడు నిద్రలు చెయ్యాల్సినవాడు రెండోనాడు చేలో నీటి వంతొచ్చిందని వెళ్ళిపోయాడట. నిద్ర విరిగింది, కళ్ళు పోయాయి. ఆవిడ లెక్కన ఇందులో అనుమానమే లేదు. అందుకే చిన్నల్లుడు రెండో నిద్ర తెల్లారేసరికి ఎర్రటి కన్నుతో "అత్తా, కంట్లో నలతగా ఉంది, ఓసారి ఇంటికెళ్ళొస్తాను" అంటే, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏటైనా సరే బాబూ, మూడూ సేసే ఎల్లాల" అంది. అతను మూడూ చేశాడు.

బయట గూడుబండి ఆగింది.

వియ్యపురాలు బుల్లమ్మ బండి దిగి, బండి తోలే పోతురాజుని ఆగమని, గుమ్మం ఎక్కింది. పాలకొండ నుంచి బస్సులో నరసన్నపేట దాకా వచ్చి, అక్కడ బండి కట్టించుకున్న మనిషి. కొడుక్కి కళ్ళకలకని అనుకుంటూ చేతిలో నిమ్మకాయల సంచితో వచ్చింది. నరసింగరావు పళ్ళెం వైపు వేలు చూపించాడు. దాన్ని చూడగానే ఆవిడకి అంతా అర్థమైపోయింది. అడగాల్సింది ఒకటే మిగిలింది.

"కన్నుందా అన్నయ్యా?"

"లేదు."

బుల్లమ్మ సంచి కింద పెట్టలేదు, పట్టుకునే నిలబడింది.

"నన్నెందుకు మోసం సేసినావమ్మా?" అన్నాడు నరసింగరావు.

"మోసమే అన్నయ్యా. కాదన్ను. విజీనారంలో సదివినన్నాళ్ళూ మావోడికి కళ్ళజోడుండేది. నువ్వు కళ్ళజోడోడికి పిల్లనివ్వవన్నావు. ఆడు నీ పిల్లని సూసొచ్చి సేసుకుంటే ఆ పిల్లనే అన్నాడు. ఏటి సెయ్యను? మదరాసులో బిళ్ళలేస్తారంటే పంపినాను. ఆడి కళ్ళు నీకు సూపించడానికే ఎట్టించినాను."

"నా పిల్ల గొంతు కోసినారు."

"నీ పిల్ల కళ్ళు నీ పిల్లకున్నాయి. పోయింది నా కొడుకు కన్ను. కన్ను బాగోలేదని ఆడు ఇంటికొస్తానంటే రానిచ్చినారా? వదినా, నువ్వు సెప్పు. కబురు తెచ్చినోడు సెప్పినాడు, గుమ్మానికడ్డం నిలబడ్డావట గదా?"

"నిద్ర ఇరక్కూడదని..." అని గొణిగింది జగ్గమ్మ.

"ఏటి నిద్రలమ్మా! కడుపు కాలిపోతన్నాది నాకు."

బయట ఎడ్లు గడ్డి నములుతున్న చప్పుడు ఇంట్లోకి వినిపించింది.

పద్మకుమారి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసింది.

"ఎవరు?" అన్నాడు చినబాబు.

"నేనే. మజ్జిగ తెచ్చినాను."

గ్లాసు అతని చేతికి అందించబోతే చెయ్యి గాల్లో తడుముకుంది. ఆమే చెయ్యి పట్టి గ్లాసు మీద పెట్టింది. అతను రెండు గుటకలు తాగి పక్కన పెట్టబోయాడు. మంచం అంచు అందక మజ్జిగంతా ఒలికిపోయింది.

"పోన్లెండి, నేను తుడిస్తాను."

"అమ్మ వచ్చినట్టుంది."

"వచ్చినాది. నన్నెవుళూ ఏటీ అనలేదు. మిమ్మల్నే అంటన్నారు."

"అననీ."

"మరిసిపోయానని ఎందుకు సెప్పినారు డాట్రుకి? మీరు మరిసిపోలేదు గదండీ."

చినబాబు గొంతు తగ్గించి అన్నాడు. "ఆ మాట ఇంకెక్కడా అనకు పద్మా. చూపు ఎలాగూ పోయింది, నీకెందుకు మాట రావాలి?"

మొదటి నిద్రనాడు అతను బిళ్ళలు తీసే పడుకున్నాడు. చిన్న డబ్బీలో నీళ్ళు పోసి, జాగ్రత్తగా అందులో పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి ఊళ్ళో ఆడపిల్లలంతా తలుపు తోసుకొచ్చి కొత్తల్లుణ్ణి బిళ్ళలు పెట్టుకునేలోగానే లాక్కుపోయారు. పీట కింద కందులు పోసి కూర్చోమన్నారు. గింజలు పీట చుట్టూ దొర్లి కళ్ళున్న ఎవరికైనా కనబడుతున్నాయి. అతను నిమ్మళంగా వెళ్ళి కూర్చున్నాడు. పీట జారి వెల్లకిలా పడ్డాడు. అందరూ విరగబడి నవ్వారు. నరసింగరావు ఒక్కడూ నవ్వలేదు. "కందులు కనబళ్ళేదా బాబూ?" అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్న పద్మ చెవిన పడింది. తండ్రి సంగతి ఆమెకి తెలుసు. నిజం తెలిస్తే తనని మళ్ళీ అత్తారింటికి పంపడు. అక్క బతుకు చూస్తూ పెరిగిన పిల్ల. ఆ సాయంత్రమే బిళ్ళలు పెట్టుకునే పడుకోమని మొగుణ్ణి బతిమాలింది. పడుకోకూడదని అతను చెప్పాడు. ఎందుకు కూడదో కూడా చెప్పాడు, మేష్టరు కదా. "రెండు రాత్రులకేటవుతాదండీ? నాకోసం" అంది ఆమె. అతను నవ్వి సరేనన్నాడు. అతని మనసు మారుతుందేమోనని డబ్బీ తీసుకెళ్ళి తన ట్రంకుపెట్టిలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నడుముకి దోపుకుంది. మూడో నిద్రలో అతను లేచి కూర్చుని మంటగా ఉంది డబ్బీ ఇమ్మన్నాడు. వసారాలో నాన్న దగ్గుతున్నాడు. "ఒక్క పూట ఓర్చుకోండి" అంది.

ఓర్చుకున్నాడు.

"కుడి కన్నెలాగున్నాది?" అనడిగింది ఇప్పుడు.

"పొద్దుట్నుంచి అది కూడా మండుతోంది. డాక్టరు వేసిన మందు వల్లనేమో."

మందు వల్ల కాదని ఇద్దరికీ తెలుసు. పద్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు వినబడితే అతను ఓదార్చడానికి చూస్తాడు. అంతకన్నా నరకం లేదు.

బయటికొచ్చేసరికి లక్ష్ముడు గోడ పట్టుకుని తడుముకుంటూ గది తడిక దగ్గరకొచ్చి నిలబడి ఉన్నాడు.

"పద్మా."

"ఏటి బావా?"

"ఈ తడికకి ఇవతల నా మంచం."

తడిక వెదురుది. అవతల చీమ నడిచినా ఇవతల తెలుస్తుంది.

"నాను యిన్నాను. డబ్బీ ఇమ్మన్నాడు. నువ్వు ఇవ్వలేదు. అప్పుడే నాను లెగాల్సింది. మొగుడూ పెళ్ళాల మాట, నాకేలని పడుకుండిపోయినాను." తాడు పేని పేని కాయలు కాసిన చేతులు ఒకదానికొకటి రాసుకున్నాడు. "ఎవుళికీ సెప్పలేదు. సెప్పను. భయపడకు."

"బావా, నాన్న నన్ను..."

"మీ అయ్య సంగతి నాకు తెలీదేటి? మా తాతకి రేసీకటి. మా సిన్నాన్నకి రేసీకటి. నాకు పుట్టుకతోనే ఉన్నాది, ముదిరి సూపు తినీసినాది. మీ అమ్మ నిద్ర ఇరిగి పోయాయంటాది. మీ అయ్య కళ్ళజోడెట్టి పోయాయంటాడు. నన్నొక్కసారి అడగలేదమ్మా, ఇన్నేళ్ళలో. అడిగుంటే ఈ గుంటడి కళ్ళు ఆడి దగ్గిరే ఉండును."

అని మళ్ళీ గోడ పట్టుకుని తన చోటికి వెళ్ళిపోయాడు.

వసారాలో గొడవ మళ్ళీ రాజుకుంది. పోతురాజు వచ్చి, విశాఖ బస్సు దాటిపోతుంది, నరసన్నపేట చేరాలంటే ఇప్పుడే కదలాలి అన్నాడు. చినబాబుని తాయారూ, బుల్లమ్మా చెరో రెక్కా పట్టి నడిపించుకొచ్చి బండిలో కూర్చోబెట్టారు.

"పిల్లని పంపన్నయ్యా" అంది బుల్లమ్మ. ఈసారి గొంతులో కోపం లేదు. "ఆసుపత్రిలో నానొక్కదాన్నే ఏటి సెయ్యగల్ను? ఆడికి అన్నం ఎవుళు కలిపెడతారు?"

"నా పిల్లనా? పంపను. ఇంట్లో ఒక గుడ్డోడికి అన్నం కలుపుతన్నాది ఒకర్తి. సాల్దా? పెద్దల్లో ఎడతాను. తెగతెంపులు సేసుకుందాం."

తాయారు తల దించుకుంది. లక్ష్ముడి చేతిలో తాడు ఆగలేదు.

"తెగతెంపులేటి అన్నయ్యా! ఆ పిల్ల బంగారం. దానికేటి తెలుసు? మేం సేసిన దానికి దాని కాపరం కూలుస్తావా? నా కాళ్ళూ సేతులూ పడిపోయినా దాన్ని కూకోబెట్టి సాకుతాను. పంపు. నీ కాళ్ళట్టుకుంటాను."

నిజంగానే ఒంగింది. నరసింగరావు వెనక్కి జరిగాడు.

పద్మ అది చూడలేకపోయింది. తన కోసం, తన ముందు, ఆ ముసలామె ఒంగడం చూడలేకపోయింది.

"అత్తా, లెగు" అంది. "ఆయన మరిసిపోలేదు. నేనే తియ్యొద్దన్నాను."

"ఏటే?" అన్నాడు నరసింగరావు.

"నాకు బిళ్ళల సంగతి ముందే తెలుసు నాన్నా. నువ్వు పంపవని భయమేసి ఎట్టుకునే పడుకోమన్నాను. పడుకోకూడదని ఆయన సెప్పినారు. మండుతోందని డబ్బీ అడిగితే ఇవ్వలేదు. పెట్టిలో ఎట్టి తాళమేసినాను."

నడుము దగ్గరి తాళంచెవి తీసి పళ్ళెంలో వేసింది. బిళ్ళ ఎగిరి పళ్ళెం అంచు దాటి ఎక్కడో పడిపోయింది. ఎవరూ వెతకలేదు.

ఇప్పుడు తండ్రి కొడతాడనుకుంది. కొట్టలేదు. ఎవరి మీద అరవాలో ఆయనకే తెలియలేదు. కళ్ళజోడు మాట ఎత్తింది ఆయనే.

బుల్లమ్మ నెమ్మదిగా నడుం నిలబెట్టింది. చీర సర్దుకుంది. పద్మ దగ్గరకొచ్చి, చాలా దగ్గరగా నిలబడి, మొహంలోకి చూసింది.

"అడిగినాడా? మండుతోందని డబ్బీ అడిగినాడా?"

"అడిగినారు."

"ఇవ్వలేదా?"

"లేదత్తా."

"నన్నత్తా అనకు."

"నేనొస్తాను. ఆసుపత్రిలో ఉంటాను. జీవితమంతా..."

"ఒద్దు." "అన్నయ్యా, నీ పిల్లని నువ్వే ఉంచుకో. పెద్దల్లో ఎట్టు, ఏటైనా సెయ్యి. నా కొడుకు పడుకుంటే పక్కన నానే ఉంటాను. దీన్ని మాత్రం రానివ్వను."

వెళ్ళి బండి ఎక్కింది. తాయారు పద్మ భుజం పట్టుకోబోతే విడిపించుకుని బండి వెనకాలే పరిగెత్తింది పద్మ. నరసింగరావు వాకిట్లో అందుకుని జబ్బ పట్టుకున్నాడు. ఆపడానికి పట్టుకున్నాడో, తను పడిపోకుండా పట్టుకున్నాడో తెలియదు.

"పోతురాజూ, ఆపు" అన్నాడు చినబాబు బండిలోంచి.

"ఆపకు, తోలు" అంది బుల్లమ్మ.

ఎడ్లు రెండడుగులు వేసి ఆగాయి. మళ్ళీ వేశాయి. పోతురాజు ఎవరి మాట వినాలో తెలియక వెనక్కి తిరిగి చూశాడు.

"పద్మా, రా" అని చినబాబు గూడు లోంచి చెయ్యి చాచాడు. చెప్పొద్దన్న మాట చెప్పేసినందుకు అతని గొంతులో కోపం లేదు. తొందర మాత్రం ఉంది. వేళ్ళు విప్పి, అందుకో అన్నట్టు చాచాడు.

కట్టు కింద అతనికి దిక్కు తెలియలేదు. పద్మ బండికి ఎడం వైపు వాకిట్లో ఉంది. అతని చెయ్యి కుడి వైపు, ఎవరూ లేని చేల వైపు చాచి ఉంది.

"ఇటండీ, ఇటు!" అని అరిచింది పద్మ.

బుల్లమ్మ ఆ చేతిని పట్టుకుని లోపలికి లాక్కుంది. "అదుగో, వచ్చినాది, కూకో నాయినా" అంది.

చినబాబు అది పద్మ చెయ్యే అనుకుని, ఆ చేతిని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నాడు. బండి కదిలింది.